గృహపరిశ్రమలు: సబ్బుబిళ్ళకు అంచు తీర్చు పనిముట్టు



గడచిన నెల ఈ పుటయందు ఇంట పోసిన సబ్బును బిళ్ళలుగా కోయు విధమును వ్రాసియుంటిమి. దానిని చదివిన సోదరీమణులు కొందఱు, "కోసిన బిళ్ళల అంచులు కత్తివాదరవలె నున్నవి. చేతికి గ్రుచ్చుకొనుచున్నవి. ఎండినకొలది మూలలు విఱిగి రాలుచున్నవి. వీనిని దేనితో తీర్చవలెను? బజారున నమ్ము పనిముట్లలో కొనదగినది యేది?" అని యడిగిరి. ప్రశ్న చిన్నదిగా తోచును. కాని దీనికి సరియైన జవాబు ముందుగా తెలియకపోవుటచేత మేము నలువది బిళ్ళల సబ్బును పోగొట్టుకొంటిమి. అంతకన్న విలువగల యొక యిల్లాలి నమ్మకమును గూడ పోగొట్టుకొనవలసియుండెను. కావున ఈ నెల పుటను ఆ విషయమునకే వినియోగించుచున్నాము. మా పొరపాటును దాచక చెప్పెదము. దానివలన మఱియొకరి సొమ్ము నిలిచినను చాలును.

మా దుబ్బాకను ఎఱుగనివారికి రెండు మాటలు. మునుపు మెదకు జిల్లాలోనిదై, 2016 మొదలు సిద్దిపేట జిల్లాలో చేరిన యీ యూర పనిముట్టు పట్టని చేయి అరుదు. మగ్గపు చప్పుడు మునుపటంతగా వినరాకున్నను నాడె విసరిన చేతులింకను గలవు. ఏ వీధి యరుగు చూచినను చేటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీలు కనబడుదురు. నడుమునొప్పియు, పొగాకు ఘాటున వచ్చు దగ్గును వారికి విడువని చుట్టములు. అట్టివారు ఏడుగురు, వారితో కూడి మేమును, మొత్తము ఎనమండుగురము, పొగాకు లేని పని యొకటి చేతికి దొరకదా యను ఆశతో రెండేండ్ల క్రిందట సబ్బుచేయ మొదలిడితిమి. మా వారు బడిపంతులు. ఇంట పెద్దలయొద్ద భారతభాగవతములు చదువుకొన్న మాకు క్షారపు లెక్కలెట్లు తెలియును? ఏ నూనె యెంత యైన సోడాక్షార మెంత పట్టునో, ఆ క్షారమును నీటిలో కొంచెముకొంచెముగా వేయవలెనే గాని క్షారముమీద నీటి నెన్నడును పోయరాదనియు వారే మాకు నేర్పిరి.

మొదట అంచులు తీర్చు ఆలోచనయే మాకు లేకుండెను. సబ్బు మంచిదైన చాలదా యనుకొంటిమి. కూడవెల్లి జాతరలో కొన్ని బిళ్ళలు అమ్ముడుపోయినవి. పదిదినముల పిమ్మట వానిని కొన్న తల్లి యొకతె కనబడి, "సబ్బు మంచిగనే ఉన్నదమ్మా, గని మూల తలిగి పిల్లగాని వీపు గీసుకపోయింది" అనెను. నెత్తురు రాలేదు, ఎఱ్ఱని గీత మాత్రమే. అయినను ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. లేతచర్మము గలవారికని నువ్వులనూనె కలిపి చేసిన సబ్బు అది. లోపలి గుణ మెంత మంచిదైనను పైయంచు మొఱకుగా నున్నచో, పసిబిడ్డకు మొదట తెలియునది ఆ యంచే గదా!

అంగడిలోని యంత్రపు సబ్బున కీ దోషముండదు. బెంగుళూరున మైసూరు మహారాజావారి ప్రభుత్వము నెలకొల్పిన చందనపు సబ్బు కర్మాగారము మొదలుకొని నేటి పెద్ద కర్మాగారముల వఱకు, బిళ్ళను యంత్రముచే అచ్చునందు గ్రుద్దుదురు. ఆ అచ్చులోనే అంచులు గుండ్రమగును. చేతిసబ్బునకు గ్రుద్దెడి యచ్చు లేదు. దిమ్మగా పోసి, గట్టిపడినపిదప తీగతోనో కత్తితోనో కోయుదుము. కోసిన ప్రతి బిళ్ళకును పండ్రెండు అంచులు, ఎనిమిది మూలలు వాడిగా నుండును. వానిని వాలుగా తీయుటనే అంచు తీర్చుట యనుచున్నాము. తీర్చిన బిళ్ళ చేతి కింపుగా నుండును. ఒకదానితో నొకటి తగిలినను మూల విఱుగదు. చుట్టిన కాగితము చినుగదు. పెట్టెలో పెట్టి సిద్దిపేటకు పంపినను పంపినట్లే చేరును.

ఇక మా పొరపాటు. ఆ తల్లి మాట విన్నంతనే అంచు తీర్చు పెట్టె నొకదానిని దూరపు వర్తకునియొద్దనుండి తపాలాలో తెప్పించితిమి. బొమ్మలో అది మిక్కిలి ముచ్చటగా నుండెను. చెక్క నిగనిగలాడుచుండెను, అలుగు తళతళ మెఱయుచుండెను. మాలో నొకతె, ఇరువదియేండ్లు బీడీలు చుట్టిన చేయి, "మన వడ్లాయనతోని చేయిపిద్దాం వదినే, చేతిల పట్టి చూసినంక కొందం" అని వారించెను. మేము వినలేదు. పెట్టె వచ్చెను. మొదటి దినము పని చక్కగా జరిగెను. ఆ రాత్రి అలుగును తుడువక, తడిసబ్బు పొట్టుతోనే విడిచితిమి. రెండునాళ్ళకు మరల తీసి నలువది బిళ్ళలకు అంచులు తీర్చితిమి. అలుగు అంచున సన్నని గోధుమరంగు గీత కనబడినను సబ్బుపొట్టే యనుకొంటిమి.

అది తుప్పు. ఆ యలుగు తుప్పుపట్టని యుక్కు కాదు, మామూలు ఉక్కు. పదునైదు దినములలో బిళ్ళల అంచులవెంట నారింజరంగు చుక్కలు లేచినవి. నెలనాటికి పాతనూనె కంపు పుట్టెను. ఇనుము, రాగి వంటి లోహముల పొడి యించుక తగిలినను సబ్బులో మిగిలిన నూనెను గాలి త్వరగా చెఱచునని మా వారు తరువాత చెప్పిరి. ఆ నలువది బిళ్ళలును బతుకమ్మ పండుగకు మాట యిచ్చినవి. మాలో నొకతె తన పాలు వచ్చినవెంటనే కూతురి కాలేజీ ఫీజు కట్టవలెనని లెక్కపెట్టుకొనియుండెను. చుక్కలను చూచినప్పుడు ఆమె ఏమియు ననలేదు. అదియే మాకు దుస్సహమైనది. పనిముట్టు నెంచినది మేమే కావున మా యింటిఖర్చు తగ్గించుకొని ఆ సొమ్ము నీయబోయితిమి. "అందరం కలిసి చేసినం, నష్టం నీ ఒక్కదానిదెట్లయితది వదినే?" యని ఆమె త్రోసిపుచ్చెను. గడువు దాటిపోవుచుండగా తుదకు అప్పుగా మాత్రము తీసికొనెను. పుస్తకములో ఆ పద్దును మేము కొట్టివేయుదుము, ఆమె మరల వ్రాయును. నేటికిని అది అట్లే యున్నది.

ఆ దినములలో మాకు సంజ్ఞాదేవి కథ మాటిమాటికి జ్ఞప్తికి వచ్చుచుండెను. కాకతీయులనాటి మారన తెనిగించిన మార్కండేయపురాణమున సోదరీమణులు దానిని చదివియుందురు. భర్తయగు సూర్యుని తేజమునకు తాళలేక ఆ సతి తన ఛాయను ఇంట నిలిపి వెడలిపోయెను. పిమ్మట ఆమె తండ్రి విశ్వకర్మ సూర్యుని సాననెక్కించి ఆ తేజమును తఱిగెను. తఱిగినదానితో విష్ణువునకు చక్రమును, శివునకు శూలమును చేసి యిచ్చెను. ఇందు మన పనికి మూడు పాఠములు గలవు. తఱుగుట సూర్యుని తక్కువచేయుటకు గాదు, దగ్గఱ నుండువారు అతని నోర్చుకొనుటకు. తఱుగువానికి ఎంతలో ఆపవలెనో తెలిసియుండవలెను. తఱుగగా రాలినది వ్యర్థము గాదు. ఇక పనిముట్ల నొక్కొక్కదానినే చూతము.

మొదటిది తడిగుడ్డ. దీనికి ఖర్చు లేదు. బాగుగా పిండిన మెత్తని నూలుగుడ్డతో గాని, తడిచేసిన వ్రేలితో గాని అంచువెంట మెల్లగా రాచిన వాడితనము పోవును. ఇంటి వాడుకకు పది పండ్రెండు బిళ్ళలు చేసికొనువారు ఇంతకుమించి యేమియు కొననక్కఱలేదు. బిళ్ళ మిక్కిలి యెండి, కత్తి పెట్టిన పెచ్చులూడునట్లున్నప్పుడును గుడ్డయే మేలు. కాని అంచు ఒక్కతీరుగా రాదు. నీరెక్కువైన పైపొర జిగటపడి ఆఱుటకు మరల దినములు పట్టును.

రెండవది వంటింటి చాకు. చేయి తిరిగినవారికి ఇది పనికివచ్చును గాని, వాలు ఒక్కొక్క అంచున ఒక్కొక్క తీరుగా నుండును. ఒకచోట లోతుగా దిగి, మఱియొకచోట జాఱును. జాఱిన చాకు తగులునది బొటనవ్రేలికే. కత్తిపీట ఈ పనికి అసలే కూడదు. దానిమీద మనము కాయను అలుగువైపునకు త్రోయుదుము. సబ్బు జాఱుడు వస్తువు, వ్రేళ్ళు అలుగుమీద పడును.

మూడవది బీర, ఆనప కాయలకు చెక్కుతీయు పీలరు. మా యెఱుకలో చిన్నపాటి పనికి దీనిని మించినది లేదు. దీని అలుగునకు నడుమ చీలిక యుండుటచే పొర ఒక్క మందమున మాత్రమే లేచును, ఎంత నొక్కినను లోతుగా దిగదు. ఇందు రెండు జాతులు. చాకువలె నిలువుగా నుండునది యొకటి, గులేరుకఱ్ఱవలె రెండు కొమ్ములనడుమ అలుగు అడ్డముగా నుండునది రెండవది. నిలువుదానిలో కొన్నిటికి ఒక ప్రక్కనే పదునుండుటచే ఎడమచేతివాటము వారికి పనికిరావు. మా ఎనమండుగురిలో నొకతెది ఎడమచేతివాటము. కొమ్ముల పీలరు ఆమెకును మాకును సమానముగా నొదిగినది. అలుగు కదలక బిగిసియున్నదానికన్న కొంచెము ఊగునది అంచువెంట సులువుగా సాగును. ఒక చేత బిళ్ళను అరచేతి కానించి పట్టి, రెండవచేత ఆ కొసనుండి ఈ కొసవఱకు ఒక్క ఊపున లాగవలెను. నడుమ ఆగినచో అచ్చట మెట్టు పడును.

నాలుగవది చిత్రికపెట్టె. బజారువారు దీనిని బెవెలరనియు ప్లేనరనియు పిలుతురు. వడ్లవారి చిత్రికకు, మనవైపు వారు రందా యనుదానికి, ఇది చెల్లెలు. రెండు నున్నని పలకలను లోయవలె మూలమట్టముగా కలిపి, ఆ లోయ యడుగున చీలికచేసి, చీలికలో అలుగును పఱుండబెట్టుదురు. బిళ్ళ అంచును లోయలో నుంచి ముందునకు త్రోసిన అంచుమాత్రమే తెగి, పొట్టు క్రిందికి రాలును. పలకలే కొలతగా నిలుచుటచే వాలు ఎవరు చేసినను ఒక్కతీరే. పిల్లకోడలు చేసిన బిళ్ళకును అత్త చేసిన బిళ్ళకును భేదముండదు. పెట్టె పైతలమున ఇట్టిదే యలుగు వెడల్పుగా నున్నచో బిళ్ళ ముఖమును కూడ చిత్రికపట్టవచ్చును. క్రొత్త సబ్బుపై గాలి తగిలి పేరుకొను తెల్లని సోడాబూడిద పోవును. వారమునకు ఏబది, నూఱు బిళ్ళలు చేయువారికి ఇది తగినది. అయిదాఱు బిళ్ళలకు దీనిని కొనుట పిచ్చుకమీద బ్రహ్మాస్త్రమే.

సన్నని తీగను చట్రమునకు బిగించి అంచులు తీయువారును గలరు. తీగ కోయుటకు మంచిదే గాని, పలుచని అంచు తీయునప్పుడు వంగి ప్రక్కకు పోవును. మాకు తృప్తినీయలేదు.

ఇన్నిటిలో నేదైనను కొనునప్పుడు మొదట అడుగవలసినది ధర గాదు, అలుగు. అది తుప్పుపట్టని యుక్కై యుండవలెను. సూదంటురాయితో పరీక్షించి నమ్మకుడు. తుప్పుపట్టని యుక్కులలోను కొన్ని సూదంటురాయి కంటుకొనును. మేమిప్పుడు చేయు పరీక్ష యిది: ఉప్పునీట తడిపిన గుడ్డను అలుగునకు చుట్టి ఒక రాత్రి యుంచుదుము. తెల్లవాఱి గుడ్డపై గోధుమరంగు మరక యున్నచో అది కూరగాయలకు పోవును, సబ్బునకు రాదు. అల్యూమినియము తగులు భాగము లేకుండుటయు చూడవలెను. క్రొత్త సబ్బులో క్షారపు గుణ మింకను తీవ్రముగా నుండును. క్షారము అల్యూమినియమును తినివేయును. సబ్బు కలుపుటకు అల్యూమినియపు గిన్నె కూడదని చెప్పినది ఇందుకే. చెక్క పెట్టెయైనచో చెక్క బాగుగా ఎండిన టేకై యుండవలెను. పచ్చికఱ్ఱ తడికి వంగి లోయ కొలత తప్పును.

రెండవది పిడి. ఈ పాఠమును మాకు చెప్పినది ముందు మమ్ము వారించిన ఆ బీడీల యిల్లాలే. తునికాకును నానబెట్టి, రేకు కొలతగా పెట్టి కత్తిరించు స్త్రీలెవ్వరును పరుల కత్తెర పట్టరు. ప్రతియామె కత్తెర వేఱు. పిడికి ఆమె వ్రేళ్ళకు తగినట్లు గుడ్డపేలిక చుట్టియుండును. "దినాం వెయ్యి సార్లు పట్టేది వదినే, చేతికి ఒదగకుంటే సాయంత్రానికి చెయ్యే మనది కాదు" అని యామె యన్నది. నూఱు బిళ్ళలకు పండ్రెండువందల అంచులు. కంటికి నచ్చిన పనిముట్టు గాక చేతికి ఒదిగిన పనిముట్టును కొనవలెనని మాకు అప్పుడు తెలిసినది. చేతిలో పట్టి చూడ వీలులేనిదానిని కొనకుడు.

తుదకు మేము చేసినదేమనగా, ఆమె మాట ప్రకారము మా యూరి వడ్లాయనయొద్ద కూర్చుండి పెట్టెను చేయించితిమి. అలుగు మాత్రము పరీక్షించి వేఱుగా కొంటిమి. అలుగును రెండు మరలతో బిగించి, విప్పి కడుగుటకు వీలుగా పెట్టించితిమి. దూరపు పెట్టెలో ఈ సౌకర్యము లేకుండెను. అలుగు చెక్కలో దిగగొట్టబడియుండుటచే దాని వెనుక చేరిన తడిని తుడుచు దారియే లేదు. అలుగు విప్పుటకు వీలున్నదా యని చూచుట మూడవ పరీక్ష.

ఇక ఎంత తీయవలెను? ఇచ్చట మా వారి గణితము అక్కఱకు వచ్చెను. 8 సెంటీమీటర్ల పొడవు, 5.5 వెడల్పు, 2.5 మందముగల బిళ్ళను తీసికొనుడు. అది ఇంచుమించు 110 గ్రాములుండును. దాని పండ్రెండు అంచుల మొత్తపు పొడవు 64 సెంటీమీటర్లు. ఒక్కొక్క అంచున ఇరుప్రక్కల 2 మిల్లీమీటర్ల చొప్పున తీసిన, పోవు సబ్బు సుమారు 1.3 గ్రాములు. అదే 4 మిల్లీమీటర్లు తీసిన రెట్టింపు గాదు, నాలుగురెట్లు, అనగా 5 గ్రాములకు పైగా పోవును. అంచు పొడవు మాఱకున్నను, తెగిన ముక్కోణము ఎత్తునను వెడల్పునను కూడ పెరుగును గదా! నూఱు బిళ్ళలకు లెక్కించిన, మొదటి తీరున ఒక్క బిళ్ళకు మించి కొంచెము పోవును. రెండవ తీరున నాలుగు బిళ్ళలకు పైగా పోవును. అందము పేర నాలుగు బిళ్ళలు తఱిగివేయుట యిల్లాలి లెక్క గాదు. 2 మిల్లీమీటర్లు చాలును. పెట్టెలో అంతటి అంచు రావలెనన్న అలుగు లోయ మొనకన్న సుమారు 1.4 మిల్లీమీటర్లు ఎత్తున నుండవలెను. ఈ కొలతకు తగినన్ని అట్టముక్కలను పేర్చి అలుగు క్రింద పెట్టి బిగించుట మా వడ్లాయన చూపిన యుపాయము.

పనిముట్టు మంచిదైనను వేళ తప్పిన ఫలము లేదు. బిళ్ళ మూలను బొటనవ్రేలితో నొక్కుడు. గుంటపడిన ఇంకను పచ్చిదని తెలియును. అలుగునకు జిగురువలె అంటుకొనును. పెచ్చులూడిన వేళ దాటినదని తెలియును. గోటితో గీసిన సన్నని పొట్టు సుడితిరిగి లేచుటయే సరియైన గుర్తు. సాధారణముగా కోసిన రెండవదినము మొదలు వారములోపల ఈ వేళ వచ్చును. కొబ్బరినూనె ఎక్కువగానున్న సబ్బు త్వరగా గట్టిపడి పెళుసగును. దానికి తొందర పడవలెను. నువ్వులనూనె, పల్లినూనె, ఆముదము ఎక్కువైనది మెత్తగా నుండును. దానికి ఓర్పు కావలెను. ఈ దినములలో సబ్బు ఇంకను లేతది గాన చేతితొడుగులు వేసికొని పనిచేయుట క్షేమము. పని ముగిసినతోడనే అలుగును విప్పి, కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండబెట్టి గాని నిద్రకు పోరాదు. ఈ ఒక్క వాక్యమును మేము నలువది బిళ్ళలు వెచ్చించి నేర్చుకొంటిమి.

అంచులు తీర్చిన బిళ్ళలను నాలుగు మొదలు ఆఱు వారములు నీడలో ఆఱబెట్టవలెను. పాలస్తీనాలోని నాబ్లుసు నగరమున ఆలివునూనె సబ్బును నేలమీద పోసి, కోసి, ముద్రవేసి, నడుమ గాలి ఆడునట్లు గోపురములుగా పేర్తురు. ఆ సబ్బు పనిని, సిరియాలోని అలెప్పో సబ్బు పనిని 2024లో యునెస్కోవారు మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చిరి. మనకు గోపురము లక్కఱలేదు. చాపపై ఒకదాని కొకటి తగులకుండ పేర్చి, వారమున కొకమాఱు త్రిప్పిన చాలును.

రాలిన పొట్టును పాఱవేయకుడు. విశ్వకర్మ పాఱవేయలేదు. పొడిగానున్న పొట్టును సీసాలో నుంచిన చేతులు కడుగుకొనుటకు చిటికెడు చాలును. ఎక్కువైనచో ఇంచుక నీరు చిలుకరించి, వేడినీటి గిన్నెపై మఱియొక గిన్నెనుంచి మెల్లగా కరగించి, అచ్చున నొత్తిన మోటుగానున్నను మంచి బిళ్ళయే యగును. లేదా తరువాతి దిమ్మలో రంగు పొట్టును చల్లవచ్చును. మా పొట్టుబిళ్ళలను మేము అమ్మము, ఎనమండుగురము పంచుకొందుము.

అమ్మదలచినవారికి మఱియొక మాట. మన దేశమున ఒంటిసబ్బు చేసి అమ్ముటకు 1940 నాటి ఔషధ, సౌందర్యసాధనముల చట్టమును, 2020 నాటి సౌందర్యసాధనముల నియమావళిని అనుసరించి అనుమతిపత్రము పొందవలెను. మేమును మొదట ఈ సంగతి నెఱుగక జాతరకు పంపితిమి. తెలిసినపిదప అమ్మకము నిలిపి, దారి విచారించి గాని మరల మొదలిడలేదు. తూకమును అంచు తీర్చి, ఆఱబెట్టిన పిమ్మటనే చూచి కాగితముపై వ్రాయవలెను. కోసినప్పటి తూకము వ్రాసిన, అంచున పోయినదియు, ఆఱి తగ్గినదియు కొన్నవారి నష్టమగును. ఆడువారు చేసిన వస్తువు తూకము తప్పినదను మాట రానీయరాదు.

సంగ్రహముగా చెప్పెదము. ఇంటికి మాత్రమే చేసికొనువారికి తడిగుడ్డ. నెలకు నలువది, ఏబది చేయువారికి తుప్పుపట్టని యుక్కు పీలరు, అదియు కొమ్ములది. కలిసి వందలుగా చేయువారికి అలుగు విప్పదగిన చిత్రికపెట్టె. వీలైనచో మీ యూరి వడ్లవారిచేతనే చేయించుడు. చెడినప్పుడు బాగుచేయువాడు పిలిచినంత దూరమున నుండును.

ఈ బతుకమ్మకు మరల నలువది బిళ్ళలు మాట యిచ్చినాము. నిన్న సాయంకాలము పెట్టెయొద్ద కూర్చున్నది ఆ ఫీజు కట్టిన పిల్లయే. సెలవులకు సిద్దిపేటనుండి వచ్చి, తల్లి చుట్టిన బీడీలచేట నొకప్రక్కకు జరిపి, తొడుగులు వేసికొని బిళ్ళ లొక్కటొక్కటే లోయలో త్రోయుచుండెను. తల్లి ప్రతి బిళ్ళను తీసికొని తన చెంపకు రాచుకొని చూచి, నచ్చినదానిని చాపపై పెట్టుచుండెను. చెంపకు గ్రుచ్చుకొనిన దేదియు వారి చాప చేరలేదు. ఇంతకుమించిన కొలబద్ద మాకు తెలియదు. సోదరీమణులు తమ యనుభవములను వ్రాసి పంపిన వచ్చు నెల ఈ పుటలోనే ప్రకటింతుము.